పన్నెండో గొర్రె

ఉదయం 7.10. యారెన్ ప్రాంతంలోని పరిశోధన కేంద్రం వెనక రాళ్ల గుంటలో గొర్రె చచ్చి పడి ఉంది. చెవికి పన్నెండో నంబరు. ఎడమ వెనక మోకాల్లో ఎముకల్ని పట్టి ఉంచడానికి అమర్చిన కృత్రిమ లిగమెంట్ తెగిపోయింది.

"రాత్రి దొడ్డి గేటు వేయలేదు ఈ కాపరి," అన్నాడు డాక్టర్ ఎస్కిల్. లిగమెంట్ తయారుచేసింది ఆయనే. పోలీసులకు ఫోన్ చేసిందీ ఆయనే. "గొర్రె బయటికొచ్చి ఈ గట్టు పైనుంచి పడింది, లిగమెంట్ తెగింది. ప్రమాదంలో చచ్చినదాన్ని ప్రయోగం లెక్కలో చేర్చం. మిగతా పదకొండూ భేషుగ్గా ఉన్నాయి."

కాపరి ఓడ్వార్ మొహం పాలిపోయింది. గేటు గొడవ అతనికి పట్టలేదు.

"పడ్డాక తెగిందా, తెగాక పడిందా? అది చెప్పండి చాలు. ఇవాళ పదకొండు గంటలకి మా అమ్మాయి సిల్యే మోకాల్లో పెడుతున్నది ఇదే."

సిల్యేకు పందొమ్మిదేళ్లు. హ్యాండ్‌బాల్ ఆడుతుంది. ఈ లిగమెంట్ వేయించుకోబోతున్న మొదటి మనిషి.

ఇన్‌స్పెక్టర్ ఇంగున్‌కు ఇద్దరి మీదా అనుమానమే. తండ్రి కన్నీళ్లు చూసి నమ్మేసే ఉద్యోగం కాదు ఆమెది.

"గేటు వేశావా?"

"వేశాను. సాయంత్రం 6.40కి."

"గొర్రె ఎలా నడిచింది?"

"లేవలేదు. మూల పడుకుని ఉంది. పొద్దున చూద్దామనుకున్నా. నిన్ననే కదా డ్యూటీకి వచ్చింది."

"అంతకుముందు?"

"సెలవు. ఇంటి దగ్గర మా సొంత గొర్రెలు ఈనే కాలం కదా, ఇక్కడ అందరం సెలవు పెడతాం. ఆరు వారాలు."

"అప్పుడు దీన్నెవరు చూశారు?"

"నేనే," అన్నాడు డాక్టర్. "రోజూ రిపోర్టు రాసి సంతకం పెట్టాను. చక్కగా నడిచేది."

ఇంగున్ గొర్రెల మధ్యే పెరిగింది. వంగి స్కేలు తీసింది.

"గిట్టలు ఎప్పుడు కత్తిరించావు ఓడ్వార్?"

"సెలవుకి ముందురోజు. నాలుగూ సమానంగా."

ఇప్పుడు సమానంగా లేవు. మూడు గిట్టలు సిమెంటు నేల మీద అరిగాయి. ఎడమ వెనకది ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ పెరిగింది.

"ఈ కాలు వారాల తరబడి నేలకి ఆనలేదు డాక్టర్. లిగమెంట్ ఎప్పుడో తెగింది. ఓడ్వార్ వచ్చాడు, కుంటడం చూసేస్తాడని భయపడ్డారు. ఆ కాలితో ఇది అంత గట్టు ఎక్కిందంటే నేను నమ్మాలా? మీరే మోసుకొచ్చి తోశారు."

డాక్టర్ తల దించుకున్నాడు. "పన్నెండింటిలో ఒక్కటి. ఒక్కటే."

"నాకు ఉన్నదీ ఒక్కటే," అన్నాడు ఓడ్వార్.

7.52కి ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"సిల్యే, ఆపరేషన్ వద్దని చెప్పెయ్యమ్మా. ఆ లిగమెంట్ నిలవదు."

"మరి నా ఆట, నాన్నా?"

ఓడ్వార్ కారు తాళాలు తీసుకున్నాడు.

"రాత్రినుంచీ ఏమీ తినలేదుగా తల్లీ. ముందు ఏదైనా తిను. నేను వచ్చేస్తున్నా."