జిగురు పూసిన బంగాళాదుంపలు

"ఏమండీ, ఇది బంగాళాదుంపల పొలం. చేపల మార్కెట్ కాదు" అన్నాడు లోర్న్, ముక్కు మూసుకుని.

వ్యాను వెనక నుంచి బకెట్లు దించుతున్న అమ్మాయి తలెత్తి చూసింది.

"లాబ్‌స్టర్ రొయ్యల పెంకుల నుంచి తీసిన జిగురండీ ఇది. విత్తనపు దుంప ముక్కలకు పూస్తే తడి నేలలో కుళ్లవు. ఒప్పుకున్నది మీ అమ్మగారు. కోపముంటే ఆవిడ మీద చూపించండి."

హేజెల్ మీద కోపం చూపించే ధైర్యం కెనడాలోని ఆ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో ఎవరికీ లేదు. కొడుక్కి అసలే లేదు. లోర్న్ ఒక బకెట్ అందుకున్నాడు.

ఆ అమ్మాయి ఓడెట్. షార్లెట్‌టౌన్‌లో ఒక ల్యాబ్‌లో పని. అదే జిగురుతో ఆమె తోటివాళ్లు కాలిన గాయాలకు పట్టీలు తయారు చేస్తున్నారు. మొదట్లో కొలతలు తీసుకుని వెళ్లిపోయేది. తర్వాత టీ తాగి వెళ్లేది. జూన్ వచ్చేసరికి, ఆమె వ్యాను మలుపు తిరగకముందే లోర్న్ గడ్డం గీసుకుని సిద్ధంగా ఉండేవాడు.

"ఎక్కడికిరా తయారయ్యావు?" అనేది హేజెల్.

"ట్రాక్టర్ రిపేరుకి."

"అదృష్టమంటే ఆ ట్రాక్టర్‌దే!"

జూన్ మధ్యలో వారం రోజులు వదలని వాన. తెరిపి ఇచ్చిన రోజు ఇద్దరూ ఎర్రమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వారు. జిగురు పూసిన ఎనిమిది వరుసల్లో అయిదు చక్కగా మొలిచాయి. మూడు కుళ్లిపోయాయి.

ఓడెట్ ఒక ముక్కను వేళ్లతో నలిపి చూసింది. ముఖం పాలిపోయింది.

"తప్పు నాదే. ఈ మూడింటికీ మరీ చిక్కగా కలిపాను. గాలి ఆడలేదు."

ఈ ఫలితాలు బాగుంటేనే ఆమె పరిశోధన ముందుకు సాగుతుందని లోర్న్‌కి తెలుసు.

"ఆ మూడూ వదిలెయ్యి. ఇక్కడ నీళ్లు నిలిచాయని నేను చెప్తాను. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. రేపు ఇదే జిగురు ఒళ్లు కాలిన పసిపిల్ల వీపు మీద వేస్తారు లోర్న్. అక్కడ తేడా వస్తే?"

చినుకులు మళ్లీ మొదలయ్యాయి. ఆమె రాస్తూనే ఉంది. లోర్న్ కోటు విప్పి ఆమె నోట్‌బుక్‌కి అడ్డం పట్టి, పూర్తిగా తడిసిపోయాడు.

పది రోజుల తర్వాత ఓడెట్ ఉత్త చేతులతో వచ్చింది.

"పరిశోధన ఆపేశారు. లోపం సరిచేసి మళ్లీ చూపిస్తే ఆలోచిస్తారట."

"వంతెన అవతల నాకింకో ఎకరం ఉంది. తీసుకో."

"జాలా?"

"జాలేస్తే టీ ఇస్తాను, పొలం ఇవ్వను." లోర్న్ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు నిన్ను అబద్ధం రాయమన్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నువ్వంటే నాకిష్టం ఓడెట్. అంతకుముందు నుంచే. ఆ రోజు నుంచి మరీను."

ఆమె కళ్లు నవ్వాయి.

"ఆపేశారన్న కబురు ఫోన్‌లో చెప్పొచ్చుగా? నలభై కిలోమీటర్లు ఎందుకొచ్చాననుకున్నావు?"

అంతలో వంటింటి కిటికీ తెరిచి హేజెల్ కేకేసింది.

"చెప్పుకోవడం అయిందా లేదా? చౌడర్ సూప్ చల్లారిపోతోంది! అమ్మాయ్, వాడితో పాటు వచ్చెయ్. మూడు గిన్నెలు పెట్టి అరగంటైంది!"