ఘాటు లేని ఇనుము

“తొడిమ తీశారా?”

“గింజ రాల్లేదు,” అన్నాడు నతానియేలు.

ఇద్దరు పెద్దమనుషులు ఫోన్లో ఇలా మాట్లాడుకుంటే ఎవరైనా నవ్వుతారు. ఏజెంట్ నతానియేలుకి మాత్రం నవ్వు రాలేదు. చీఫ్ ఆ కోడ్ వాడాడంటే ప్రాణం మీదికి వచ్చే పనే.

“నేవీ నుంచి దొంగిలించిన సోనార్ యూనిట్ గుంటూరు చేరింది. మూతపడ్డ ఓ కారం మిల్లు పాత మెషిన్లలో కలిపి విదేశానికి పంపేస్తున్నారు. మూడింటికి కంటైనర్‌కి సీలు పడుతుంది. ఆ తర్వాత మన చెయ్యి దాటినట్టే. కొనేవాడు విక్టర్. అతని మేనేజర్ జాస్మిన్.”

నతానియేలు ఫోన్ రెండో చెవికి మార్చాడు.

“అడ్డొస్తే కాల్చెయ్.”

జాస్మిన్. మూడేళ్ల కిందట డిపార్ట్‌మెంట్‌లో అతని పక్క సీటు. చర్చిలో వాళ్లిద్దరి పెళ్లి ప్రకటన రెండాదివారాలు చదివారు. మూడో ఆదివారానికి ఆమె ఫైళ్లతో సహా మాయమైంది. ద్రోహి అని రిపోర్టు రాసి సంతకం పెట్టింది నతానియేలే. ఆ రిపోర్టు అబద్ధం కావాలని ఇన్నాళ్లూ ప్రార్థన చేసిందీ అతనే.

షిప్పింగ్ సర్వేయర్ వేషంలో, పెట్టుడు మీసంతో, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని మిల్లులో అడుగుపెట్టాడు. పాతికేళ్లు మిరపకాయలు నలిగిన చోటు. గోడలు కూడా తుమ్మిస్తాయి. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో జాస్మిన్ ఎదురొచ్చింది. పక్కన విక్టర్.

“గుంటూరోళ్లు కూడా ముక్కుకి గుడ్డ కడతారా అండీ?” అంది, ఎవరో కొత్తమనిషితో అన్నట్టు.

“ఎలర్జీ అండీ.” గుడ్డ విప్పితే మీసం ఊడుతుందని అతని భయం. “మెషిన్లన్నీ విప్పేశారేం?”

“అట్టాగే పంపితే ఫ్లాట్ ర్యాక్, అంటే పక్కగోడల్లేని కంటైనర్ కావాలి, మూడింతల కిరాయి. విప్పి సర్దితే ఒక్క కంటైనర్లో పడతాయి. పాత ఇనుముకి ఇంతకన్నా చౌకదారి లేదండీ.”

చౌకదారే దొంగదారి కూడా. రెండొందల పైచిలుకు ముక్కల్లో ఏది ఏ మెషిన్‌దో విప్పినవాడికే తెలియదు. జేబులోని పెన్ను స్కానర్ నొక్కితే ప్రతి ముక్కకీ కూసింది. అంత ఖరీదైన పరికరం ఇనుములో ఇనుము ఉందని చెప్పి ఊరుకుంది.

మిల్లు ఊడ్చే కోటిరత్నం ఒక్కో ముక్కనీ తుడిచి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి కంటైనర్లోకి సాగనంపుతోంది. ఆమె పిల్లల్ని పెంచింది ఆ మెషిన్లే. తుడుస్తుంది, తుమ్ముతుంది, కళ్లు ఒత్తుకుంటుంది. నతానియేలు పక్కనున్న డ్రమ్ము దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

“ఇది మాది కాదు బాబూ.”

“ఎలా చెప్తావమ్మా?”

“తుమ్ము రాలా. మా ఇనుముని కృష్ణలో ముంచి తీసినా ఘాటు పోద్దా?”

టైము రెండూ యాభై ఎనిమిది.

“సీలు ఆపండి!” అని అరిచి నతానియేలు పిస్టల్ తీశాడు. ఎదురుగా జాస్మిన్ చేతిలోనూ పిస్టల్ ఉంది. రెండూ ఒక్కసారే పేలాయి.

ఆమె తూటా అతని చెవి పక్కనుంచి దూసుకెళ్లింది. వెనక ఎవరో కూలిన చప్పుడు. విక్టర్. ఎప్పుడు వెనక్కి చేరాడో, నతానియేలు వీపుకే తుపాకీ గురిపెట్టాడు.

నతానియేలు తూటా కూడా గురి తప్పలేదు. అతనికి షూటింగ్ నేర్పింది జాస్మినే.

ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“నన్ను విక్టర్ దగ్గరికి పంపింది మన పాత చీఫ్ నాగేంద్రబాబు గారే,” అంది జాస్మిన్. “ఎక్కడా రాయొద్దన్నారు. నిరుడు ఆయన పోయారు. నేను మనవాళ్ల మనిషినేనని తెలిసినోళ్లు లేకుండా పోయారు.”

“నాకన్నా చెప్పొచ్చుగా!”

“నా మెళ్లో గొలుసులో వాడి మైకుంది. తేడా తెలీకూడదని ఆ డ్రమ్ముకి కారం పూయించాడు. పొద్దున నేనే కడిగేశా. మన ఊరి ముక్కు కదా, కనిపెడతావనుకున్నా.”

కనిపెట్టింది అతని ముక్కు కాదు. ఆ మాట ఒప్పుకునేలోపే ఆమె వెళ్లిపోయింది. మూడేళ్ల ప్రార్థన ఫలించింది, ఫలించిన చోటే అతని గుండె పగిలింది. కోటిరత్నం కొంగుతో జాస్మిన్ మొహం తుడిచి, తనూ ఏడుస్తూ కూర్చుంది.

ఫోన్ మోగింది.

“యూనిట్ దొరికింది సార్,” అన్నాడు నతానియేలు.

“శభాష్! మనవాళ్లెవరికీ ఏమీ కాలేదు కదా?”

“ఏమో సార్. మనవాళ్లెవరో తెలిస్తే కదా, చెప్పడానికి.”