ఖాళీ పేపరుకు అరవై మూడు

“ఆ మార్కుల కాగితం ఎవరికీ చూపించొద్దని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను కదమ్మా!”

“చూపిస్తే అరిగిపోతుందా? మీ పిన్నికీ పెద్దమామయ్యకీ ఫోటో పంపాను, అంతేగా. అరవై మూడు తక్కువా ఏంటి?”

“పంపేశావా!”

“ఊరుకోవే పిట్టా,” అంది మంచం మీంచి నాయనమ్మ. “పాసయ్యానని ఏడ్చే పిల్లని నిన్నొక్కదాన్నే చూశాను.”

గుమ్మంలో చెప్పులు విప్పుతూ, పిట్ట పిలిపించిన డిటెక్టివ్ ఒక్క క్షణం ఆగింది. గోడవార రంగుల బకెట్టు ఉంది. దాని అంచున లేతాకుపచ్చ చారలు ఎండి ఉన్నాయి. ఆమె మేనకోడలు వెనకే నోటుబుక్కు తెరిచి నిలబడింది. అత్తయ్య దేన్ని చూసినా తనూ దాన్నే చూడటం ఆ పిల్లకు అలవాటు. కాని తనకు బకెట్టు మాత్రమే కనిపించింది.

పిట్ట వాళ్లను పెరటి అరుగు మీదికి తీసుకెళ్లింది. వాన వెలిసి చాలాసేపయినా చూరు ఇంకా చినుకు చినుకుగా కారుతోంది.

“ఆ పేపర్లో నేను ఒక్క అక్షరం కూడా రాయలేదండీ.”

“చదవలేదా?”

“చదివాను. ప్రశ్నలన్నీ వచ్చు కూడా. కిటికీలోంచి చూస్తే ఎదురుగా లైబ్రరీ గోడకి ఎవరో రంగేస్తున్నారు. మొహానికి గుడ్డ కట్టుకుని, వెదురు పరంజా మీద నిలబడి. బ్రష్షు పైకీ కిందికీ, పైకీ కిందికీ... పాత గోడ మెల్లగా మాయమైపోతోంది. నీళ్లలో మునిగినట్టుంది నాకు. బెల్లు కొట్టాక చూసుకుంటే పెన్ను మూతైనా తీయలేదు. మా లెక్చరర్ సోమవారం సెలవు నుంచి వస్తారు. తను సున్నా వేసిన పేపరుకి అరవై మూడు కనిపిస్తే నేనే మార్కులు మార్పించాననుకుంటారు. కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు.”

డిటెక్టివ్ లోపలికి వచ్చి తల్లిని అడిగింది. “పరీక్షరోజు మీరెక్కడున్నారు?”

“ఇంకెక్కడ? బట్టల కొట్లో, మిషన్ ముందు. తొమ్మిదింటికి కూర్చుంటే ఆరింటికి లేస్తాను.”

“మీ ఆయన?”

“స్టేషన్ దగ్గర కొత్త మేడలకి రంగులేస్తున్నారు. నెలయింది.”

తండ్రి నోట్లో నాలుక లేని మనిషి. మంచినీళ్లు తాగుతూ తలూపాడు.

కాలేజీ కారిడార్లో ఇంకా కొత్త రంగు వాసన వేస్తోంది. పిట్ట రాసిచ్చిన చీటీ చూశాక గుమాస్తా ఫైలు తీశాడు.

“ఇందులో దొంగతనం ఏమీ లేదండీ, రూలే. పరీక్ష నడుస్తుండగానే పిల్లకి ఒంట్లో బాగాలేదని ఇంటివాళ్లు రాసిస్తే ఆ పేపరు లెక్కలోకి తీసుకోం. ముందు రెండు పరీక్షల సగటు వేస్తాం. యాభై ఎనిమిదీ, అరవై ఎనిమిదీ. ఎవరికి వేశామో లెక్చరర్లకి కూడా చెప్పం.”

ఫైల్లో ఉన్న ఇంటివాళ్ల ఉత్తరంలో రెండే ముక్కలున్నాయి. పిల్లకి జ్వరం. ఇట్లు, తల్లి. కింద ఆఫీసు ముద్ర, పదకొండూ నలభై.

“తలుపు దగ్గర పెట్టెలో దొరికింది. అబద్ధమని తేలితే మాత్రం పేరు కొట్టేస్తారు.”

“ఈ రూలు అందరికీ తెలుసా?”

“నోటీసు బోర్డులో ఉంది. ఎవరు చదువుతారండీ? మొన్న కారిడార్ రంగులప్పుడు బోర్డు దింపి మళ్లీ తగిలించారు. అప్పుడూ ఎవరూ చూడలేదు.”

“సగటు వద్దనుకుంటే?”

“వారంలోగా రాసివ్వాలి. సున్నా అలాగే ఉంచుతాం. వచ్చే ఏడు మళ్లీ రాసుకోవాలి.”

బయటికొచ్చి డిటెక్టివ్ లైబ్రరీ గోడ ముందు నిలబడి ఎదుటి పరీక్షగది కిటికీ వైపు చూసింది. లేతాకుపచ్చ గోడ మీద చెట్లనీడలు నిద్రలో కదిలినట్టు కదులుతున్నాయి.

సాయంత్రం అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది. ఉత్తరం సంగతీ, సగటు సంగతీ చెప్పింది.

“తల్లి అని ఉందా? నేను రాయలేదు!” అంది తల్లి.

“తెలుసు. పరీక్ష ఒంటిగంటకి అయిపోయింది. ఉత్తరం పదకొండూ నలభైకే అందింది. పిల్ల ఏమీ రాయడం లేదని అప్పటికే తెలియాలంటే కళ్లారా చూస్తూ ఉండాలి. మీరు మిషన్ ముందున్నారు. పెద్దావిడ మంచం దిగరు. పిల్ల బెంచీ సూటిగా కనిపించేది ఒక్క పరంజా మీంచే. కారిడార్ రంగులకని నోటీసు బోర్డు దింపినప్పుడు రూలు చదివిందీ ఆ రంగులేసిన మనిషే. లైబ్రరీ గోడ రంగే ఈ గుమ్మంలో బకెట్టుకీ అంటుకుని ఉంది.”

మేనకోడలు నోటుబుక్కు మూయడం మరిచిపోయి అత్తయ్యనే చూస్తోంది.

తండ్రి తలెత్తలేదు. “గంటన్నర చూశాను. పెన్ను పట్టుకోలేదు. కిందికి దిగి, రాయవే అని అరుద్దామనుకున్నాను. ఎలా అరుస్తాను? అక్కడ పని దొరికిందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిట్ట స్నేహితుల ముందు చిన్నబోతుందేమోనని... అందుకే తల్లి పేరుతో రాసి పెట్టెలో వేశాను.”

“అది నువ్వా నాన్నా?” అంది పిట్ట. “నేను చూసింది నిన్నా?”

“తండ్రి కూతుర్ని చూస్తూ, కూతురు తండ్రిని చూస్తూ,” అంది నాయనమ్మ. “ఇద్దరికీ వేయాలి సున్నా.”

ఎవరో నవ్వబోయి మానేశారు. కిటికీలోంచి పడుతున్న పచ్చని ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. తల్లి కళ్లు తుడుచుకుని, “అయిందేదో అయింది. మార్కులు రూలు ప్రకారమే వచ్చాయిగా. ఇక కదపకండి,” అంది.

పిట్ట తండ్రి పక్కన కింద కూర్చుంది. గొంతు పెంచకుండా, అందరికీ వినిపించేలా చెప్పింది.

“రేపు వెళ్లి సగటు వద్దని రాసిస్తాను. ఏడాది పోతే పోనీ, మళ్లీ రాస్తాను. నాన్న పనికెళ్లేటప్పుడు నేనూ ఆయనతోనే వెళ్తాను. కాలేజీ గేటులోంచి ఇద్దరం కలిసే వెళ్తాం.”