రాణి వేషం ఎవరికి?

"ఈ పోస్టు పెట్టింది నువ్వేనా?"

గుండీల కొట్టు కౌంటర్ మీద ఫోన్ ఠక్కున పెట్టి అడిగింది ఆమె. మూడు నెలలుగా "మీరు" అన్న మనిషి ఒక్కసారిగా "నువ్వు" అనేసరికి కొట్టతను తల దించుకున్నాడు.

ఆమె ఓ సినిమాకి బట్టలు కుట్టే టైలర్. గ్రీకు పురాణ కథ అది. ఏ రాణి అందం కోసం రెండు రాజ్యాలు కొట్టుకున్నాయో, ఆ రాణి వేషం ఎవరిదన్నది పరమ రహస్యం. ఫ్యాన్స్ మాత్రం రోజుకో పేరు ఊహించుకుంటున్నారు. మొన్న ఒక ఫ్యాన్ పేజీ తేల్చేసింది: రాణి మరెవరో కాదు, ఇన్నాళ్లూ లావుపాటి అత్తగా నవ్వించిన కామెడీ నటి!

ఇక చూసుకోండి, తిట్ల వాన. "ఈవిడ కోసం యుద్ధమా? బస్సు కూడా ఆగదు!" అన్నాడొకడు. దానికి నలభై వేల లైకులు.

"పేజీ నాదే," అన్నాడతను తలెత్తకుండా. "కానీ నేను వెక్కిరించలేదండీ. ఆవిడైతే బాగుంటుందనే రాశాను."

"ఎలా తెలిసింది?"

"రాణి నడికట్టుకి హుక్కులడిగారుగా. నలభై నాలుగు అంగుళాలన్నారు మీరే."

ఆమె నాలిక కరుచుకుంది. పొద్దున వర్క్‌షాప్‌లో తన పైనున్న మాస్టరమ్మ నిలదీస్తే, "మా అమ్మ మీద ఒట్టు, ఎవరికీ చెప్పలేదు" అని ఏడ్చి వచ్చింది. సాయంత్రంలోగా నిజం తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే.

"ఆవిడ నిన్న ట్రయల్‌కి వచ్చింది," అంది ఆమె. "ఆ కామెంట్లన్నీ చదివిందట. 'భుజాలు కనిపించకుండా కుట్టెయ్ తల్లీ' అంది."

అతను కొట్టు షట్టర్ దించాడు. "పదండి, మీ వర్క్‌షాప్‌కి."

"పిచ్చా? నిన్ను కోర్టుకీడుస్తారు!"

"ఈడవనీ. నేను చేసినదానికి మీరెందుకు మాటపడాలి?"

దారిలో వాన. ఒకే గొడుగు కింద ఎడంగా నడిచి ఇద్దరూ చెరిసగం తడిశారు.

వర్క్‌షాప్‌లో మాస్టరమ్మ పక్కనే ఆ నటి ఉంది. అతను గుటకలు మింగుతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. "కొలత విషయంలో నోరుజారింది నేనే," అని టైలరమ్మాయి కూడా ఒప్పుకుంది.

"నా నడుము చూసి నా పేరు రాశావా బాబూ?" అంది నటి.

"అనుమానం అక్కడే వచ్చిందండీ. కానీ నేను కాలేజీలో ఉన్నప్పుడు మీరు స్టేజీ మీద బిడ్డ పోయిన తల్లి వేషం వేశారు. ఆట అయిపోయినా హాల్లో ఒక్కరూ లేవలేదు. ఈ రాణి ఉత్త అందగత్తె కాదండీ. తన పేరు మీద అంతమంది చచ్చారని తెలిసీ బతికిన మనిషి. మీరు కాక ఎవరు చేస్తారు?"

నటి అద్దంలో తన భుజాలు చూసుకుంది. తర్వాత టైలరమ్మాయి వైపు తిరిగి, "భుజాలు కప్పొద్దులే," అంది.

మాస్టరమ్మ నిట్టూర్చింది. "ఆవిడే క్షమిస్తే నాదేముంది? అమ్మాయ్, నెల్లాళ్లు రాణి బట్టలు ముట్టకు. సైనికుల చెప్పులకి పట్టీలు కుట్టుకో. నువ్వు బాబూ, ఆ పేజీ మూసెయ్."

అతను అక్కడే మూసేశాడు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "లక్షమంది ఫాలోవర్లు పోయారు. బాధగా లేదూ?"

"ఉంది. కానీ ఇంకో ఊహ మిగిలింది. ఎక్కడా రాయలేదు."

"ఏంటో?"

"రోజుకి ఆరే గుండీలు కొని, మర్నాడు మళ్లీ వచ్చే అమ్మాయి... గుండీల కోసమే రావట్లేదేమోనని."

ఆమె ముఖం ఎర్రబడింది. "నీ ఊహలతో ఇప్పటికే ఇంత రాద్ధాంతం అయింది. తిన్నగా అడగరాదూ?"

అడిగాడు. వాన హోరులో సగమే వినిపించింది. అయినా ఆమె "ఊఁ" అంది. అతనికి వినపడలేదేమోనని, ఇంకోసారి గట్టిగా అంది.