ఆరకూడని పంచె

ఉమాకాంతం పోయి పదమూడు రోజులైనా రోజూ మేడ మీద స్నానం చేస్తున్నాడట. లేకపోతే ఆయన పంచె తెల్లవార్లూ పొద్దస్తమానం నీళ్లోడుతూ ఎందుకుంటుందని పక్కింటి ఆదెమ్మ అందట. కిరాణా కొట్టు బసవయ్య ఆ మాటే, నందిగామ వీధుల్లో పాతబట్టలకు స్టీలు సామాన్లిస్తూ తిరుగుతున్న కొత్త మనిషికి చెప్పాడు.

"పెద్దకర్మ అయినా ఆ పంచె ఎవరికీ ఇయ్యలేదయ్యా. ఆ ఇంటికి మాత్రం పోమాక."

పార్థసారథి గంప ఎత్తుకుని ఆ ఇంటికే నడిచాడు.

అతను గూఢచారి. 2006 మే నెల. చీఫ్ బ్రీఫింగ్ చెవిలో మోగుతూనే ఉంది.

"ల్యాబ్‌లో పోయిన డిజైన్ తీగల్లేకుండా డేటా పంపే మిల్లీమీటర్ వేవ్ పెట్టెలది. సెకనుకి గిగాబిట్. రేపటి ఫోన్లన్నీ దాని మీదే. మధ్యలో అడ్డుండకూడదు, తడి తగిలితే సిగ్నల్ అక్కడే చస్తుంది. ఇవాళ మూడింటికి విదేశీ ముఠా మనిషి సరుకుతో నందిగామ దాటతాడు."

"అమ్మింది ఉమాకాంతమేనా సర్?"

"మన ఇన్ఫార్మర్ యామిని అలాగే రాసింది. సంతకం పెట్టింది నువ్వేగా!"

పెట్టాడు. ఉమాకాంతం అతని కిందే పనిచేశాడు. కళ్లు మూస్తే చాలు, మేడ మీంచి పడి చనిపోయిన ఆ మొహం. వాడు ద్రోహి కాకపోతే తనేమిటి?

అతను మెట్లెక్కేసరికి మేడ మీద ఉమాకాంతం భార్య చూడామణి పంచె మీద చెంబుతో నీళ్లు పోస్తోంది. పక్కన కూలింగ్ గ్లాసులు, సిల్కు చీర: ఎదుటి కంప్యూటర్ సెంటర్ నడిపే యామిని. పార్థసారథి ఆమె రిపోర్టు చదివాడే గాని, మనిషిని చూడటం ఇదే మొదలు.

"పోయినోళ్ల బట్ట ఇంట్లో ఉంచితే అరిష్టం అక్కా. ఏమయ్యా, ఆ పంచె పట్టుకుపో. కావాలంటే నా పట్టుచీర కూడా ఇస్తా."

పార్థసారథి గంప దించబోయి ఆగాడు. చిరుగుల పంచెను వదిలించడానికి పట్టుచీర ఇచ్చే ఆడమనిషి ఏ ఊళ్లో ఉంటుంది? తల తిప్పాడు. కంప్యూటర్ సెంటర్ కప్పు మీద బిస్కెట్ డబ్బా అంత పెట్టె. ఇటు హైవే గోడౌన్ మీద ఇంకోటి. రెంటికీ నడిమధ్య, సిగ్నల్ దారిలో సూటిగా, తడిపంచె.

ఆ చూపు యామినికి అందింది. ఒక చేత్తో పంచె లాగేసింది. రెండో చేతిలో పిస్టల్, చూడామణి వైపు.

"సెండ్!" అంది చెవికున్న మైకులో.

టైము రెండూ యాభై ఏడు. పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. ఆమె ఇయర్‌ఫోన్‌లోంచి సన్నగా గొంతు. "అరవై శాతం... ఎనభై... తొంభై..."

పార్థసారథి గంప విసిరాడు. గిన్నెల మోతలో పిస్టల్ ఎగిరిపడింది. పంచె లాక్కుని నెత్తిన కప్పుకుని ఆ దారికి అడ్డంగా నిలబడ్డాడు. చల్లటి తడి భుజాల మీద చెయ్యేసినట్టు దిగింది. పక్క మేడ మీంచి ఆదెమ్మ కేక. "ఓరి దేవుడో, ఉమాకాంతం!"

తొంభై తొమ్మిది దగ్గర లెక్క ఆగిపోయింది. ముక్క తగ్గితే తెరుచుకోని డిజైన్ ఫైలది. పార్థసారథి ఫోన్‌లో ఒక్క మాట చెప్పగానే గోడౌన్ ముందు చీఫ్ జీపులు ఆగాయి.

యామినిని తీసుకెళ్లాక పార్థసారథి పంచె తీసి చూడామణికి అందించాడు.

"అమ్మా, ఆయన ద్రోహి అని రాసిన కాగితం మీద సంతకం నాదే. ఆ మాట ఇవాళే కొట్టేస్తామండి."

చూడామణి ఖాళీ చెంబు కింద పెట్టింది.

"పోయేముందు ఆ పెట్టెలు చూసి ఈ పంచె ఆయనే అడ్డంగా కట్టారు. 'ఆరనీమాకే, మా ఆఫీసోళ్లొచ్చి అడుగుతారు, చెప్పు' అన్నారు. పదమూడు రోజులు చూశా. సంతకం పెట్టేముందు ఒక్కడన్నా ఈ గడప తొక్కాడా?"