సగం వేడి సంచులు

బిష్కెక్ గూఢచారి విభాగంలో కుబాన్ కోడ్ నేమ్ తోడేలు. ఆ ఉదయం మాత్రం తోడేలు చీఫ్ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

కారణం టేబుల్ మీదున్న చిన్న సంచి. నొక్కితే లోపలి నీళ్లు పొడిలో కలిసి వేడి పుడుతుంది. మంచు కనుమలో కాపలా కాసే సైనికులు దాన్ని కోటులో పెట్టుకునే బతుకుతారు. అక్కడ చలి ఎంతంటే, తుమ్మితే తుమ్ము గడ్డకట్టి కిందపడి పగులుతుంది. ఆ సైనికుల్లో కుబాన్ తమ్ముడు ఎల్దియార్ ఒకడు.

కొత్త సంచుల్లో ఒక విదేశీ ముఠా వేరే పొడి కలిపిందని కబురొచ్చింది. మొదటి పొడి నీళ్లలో వేడి పుట్టిస్తుంటే, రెండోది ఆ వేడిని మింగేస్తుంది. కాపలావాళ్లు కొయ్యబారిపోతే ముఠా ఆయుధాలు కనుమ దాటతాయి.

చీఫ్ ఒస్మోన్ నమ్మలేదు. ఏజెంట్ జిపార్ నమ్మనివ్వలేదు. నక్కతోలు టోపీ, ఎర్రటి లిప్‌స్టిక్, చూస్తే హీటరే సిగ్గుపడే నవ్వు. ఆమె సంచి నొక్కి చీఫ్ చేతిలో పెట్టింది. వెచ్చటి గదిలో అది వెచ్చగానే తగిలింది.

"వేడిగానే ఉందిగదయ్యా," అన్నాడు చీఫ్. "ఎంత తగ్గిందో నంబర్ పట్రా. అప్పుడు లారీలు ఆపుతా."

లారీలు తీసుకెళ్తున్నది జిపారే.

కుబాన్ ల్యాబుకి పరిగెత్తాడు. ల్యాబ్ పెద్దావిడ నూరిలా దగ్గర వేడిని కొలిచే కెలోరీమీటర్ ఉంది. ఫ్లాస్కుకి పెద్దన్నలాంటి పాత్ర, లోపల నీళ్లు, ఒక థర్మామీటర్. పుట్టిన వేడి బయటికి పోకూడదు, బయటి వేడి లోపలికి రాకూడదు. పొడి వేసేముందు నీళ్లు నిలకడగా ఉండాలి. కుబాన్ ఆత్రంగా తలుపు తీసి లారీలు వెళ్లాయా అని చూశాడు. చలిగాలి కొట్టింది. మళ్లీ మొదలు. పాత్ర మీదికి వంగాడు. మళ్లీ మొదలు.

"తోడేలువో గీడేలువో, పోయి ఆ మూల కూర్చో," అంది నూరిలా. "నీ ఊపిరి కూడా వేడే."

"అక్కా, అక్కడ నా తమ్ముడు చస్తాడు."

"నేను తప్పు నంబర్ ఇస్తే చీఫ్ లారీలు ఆపడు. అప్పుడూ చస్తాడు."

జేబులో సూదులు విసిరే పెన్ను, ఫోటోలు తీసే లైటర్, కాళ్లకి గోడలు పాకే బూట్లు. ఇన్ని ఉండి నీళ్లు నిలకడపడటం కోసం మూల కూర్చోవడం! కుబాన్ పళ్లు కొరికిన చప్పుడికి పక్క వీధిలో కుక్కలు లేచాయి. చివరికి పొడి పడింది. పాదరసం కాస్త లేచి, నీరసపడి ఆగిపోయింది. అసలు పొడి ఇవ్వాల్సిన వేడిలో సగం కూడా లేదు.

నంబర్ చూసి చీఫ్ రేడియోలో లారీల్ని ఆగమన్నాడు. జవాబు లేదు. జిపార్ రేడియో ఆపేసింది. ఆమె ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంటని అప్పటికి ఆయనకి అర్థమైంది.

కుబాన్ జీపు స్టార్ట్ కాలేదు. గోడలు పాకే బూటుతో తంతే అయింది. తర్వాత అది ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ మర్నాడు చేరింది.

ఆఖరి వంతెన దగ్గర గేటు లేచి ఉంది. దాటితే అవతల జిపార్‌కి కాపుగా ముఠా తుపాకులు. అయినా మొదటి లారీ కదలడం లేదు. గేటు కాపలావాడి తల్లి రొట్టె పట్టుకుని అడ్డంగా నిలబడింది. రొట్టె కొరికి బయల్దేరితేనే క్షేమంగా తిరిగొస్తారని అక్కడి నమ్మకం; కొరక్కుండా ఎవరు మాత్రం ప్రయాణం సాగిస్తారు? దేశాన్ని అమ్మిన జిపార్ కూడా దిగి, ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

కుబాన్ జీపు దిగి సూదుల పెన్ను ఎత్తాడు. చలికి సూది బిగుసుకుపోయింది. జిపార్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

"తినేటప్పుడు అవేంటమ్మా?" అంది ముసలమ్మ. "నువ్వూ రా బాబూ. ముందు కొరుకు."

ఇద్దరూ ఎదురెదురుగా నమిలారు. రొట్టె రాయిలా ఉంది. కుబాన్ ముందు మింగి, ఆమె చేతులకి బేడీలు వేశాడు.

"నమలడం ఆపి కాల్చుంటే గెలిచేదానివి," అన్నాడు.

"అవ్వ చూస్తోందిగా," అంది జిపార్, ఇంకా నములుతూ.

ముఠా గోదాములో ఇంకా వేరే పొడి కలపకుండా దొరికిన అసలు సంచులు కనుమకి చేరాక, ల్యాబు రేడియోలో ఎల్దియార్ గొంతు వినిపించింది.

"అన్నా, సంచి కాలిపోతోంది. చేత్తో పట్టుకోలేకపోతున్నా."

కుబాన్‌కి కళ్లు చెమర్చాయి. నూరిలా మైకు లాక్కుంది.

"ఎన్ని డిగ్రీలు?"

"థర్మామీటర్ లేదక్కా."

"అయితే అది వేడి కాదు నాయనా, నీ అభిప్రాయం."