పాలు పోసిన దిబ్బ

1980 ఫిబ్రవరి... శనివారం అమావాస్య... మధ్యాహ్నం మూడు దాటింది!

రాహువు సూర్యబింబాన్ని కొంచెం కొంచెంగా కబళిస్తున్నాడు. వరంగల్ కొత్తవాడలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. తలుపులన్నీ బిడాయించుకున్నాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది...

ఆ వేళ మడికొండ అవతలి తుమ్మల బీడులో గిన్నె పట్టుకుని ఒంటరిగా నడుస్తోంది పోశవ్వ. చిరంజీవి కావాలని మార్కండేయులు అని పేరు పెట్టుకున్న నలభై రోజుల కొడుకు జ్వరంతో పోయి ఇరవై రోజులైంది. తాగే నోరు లేదని రొమ్ములకేం తెలుసు? వాటి మానాన అవి చేపుతూనే ఉన్నాయి. రోజూ ఆ పాలు పిండి బిడ్డను పూడ్చిన దిబ్బ మీద పోస్తోంది. ఇన్నాళ్లలో ఒక్కసారీ ఏడవలేదు... ఏడవొద్దన్నాడు ఎల్లస్వామి!

ఘోర క్షుద్రోపాసకుడు ఎల్లస్వామి! అతని దగ్గర మిసర్, అంటే ఈజిప్టు దేశపు పాత పటం ఒకటుంది. తమ్ముడి చేతిలో హతమైన ఒక దేవుడి సమాధి బొమ్మ అది. చుట్టూ నీళ్లు, నడుమ మట్టిదిబ్బ, దిబ్బ మీద చెట్టు, చెట్టు మీద మనిషి ముఖమున్న పిట్ట. ఆ పిట్టే ఆత్మ! అక్కడ పాలు పోయాలి, గొంతెత్తకూడదు. బిడ్డ దిబ్బను అచ్చం అలాగే తీర్చాడు. చుట్టూ కందకం తవ్వి నీళ్లు నింపాడు. పైన తుమ్మకొమ్మ నాటాడు.

"ఇయ్యాల నీ కొడుకు నీ ఒళ్లకొస్తడు చెల్లె. నోరు మాత్రం మెదపకు," అన్నాడు దిబ్బ దగ్గర కాచుకుని ఉన్న ఎల్లస్వామి.

పోశవ్వ పాలు వంచింది. సూర్యుడు నల్లబడ్డాడు...

కొమ్మ మీద పిట్ట వాలింది! దానిది పసివాడి ముఖం... చెంపన తను పెట్టిన దిష్టిచుక్క!

ఎల్లస్వామి సంచిలోంచి పుర్రె తీశాడు. "హ్రీం... ఫట్!" పిట్ట గిలగిల్లాడుతూ పుర్రె వైపు ఈడ్చుకుపోసాగింది.

"ఇగ వీడు నా బంటు! అమాసకోపారి వచ్చి సూసుకో. మొత్తుకున్నవా... జన్మల కనవడడు!"

పోశవ్వ పెదాలు బిగబట్టింది. నెలకోసారైనా సరే... ఆ ముఖం కనిపిస్తే చాలు!

అంతలో రొప్పుకుంటూ వచ్చింది అత్త రాజవ్వ.

"గిరానం పూట గీడికొస్తివా పిచ్చిదానా! ఒరే దొంగ స్వామీ, సచ్చిన పోరన్ని గూడ వెట్టికి పెట్టుకుంటవారా?"

వెట్టి! ఆ మాట పోశవ్వ గుండెలో గునపంలా దిగింది. దొర గడీలో వెట్టి చేసీ చేసీ నడుం విరిగి కన్నుమూశాడు ఆమె తండ్రి. తన కడుపున పుట్టినవాడు చచ్చాక కూడానా?

నోరు తెరిచింది.

"ఓ నా కొడుకా... నా బంగారు తండ్రీ... పో బిడ్డా, పో! ఎవ్వనికీ దొరకకుంట పో...!"

రాజవ్వ కూడా శోకం అందుకుంది.

పటంలో దిబ్బకు చెరోపక్కన చేతులెత్తి శోకించే స్త్రీలు ఇద్దరున్నారు. వాళ్ల శోకం ఆత్మను విడిపిస్తుందని ఎల్లస్వామి వాళ్లను మసితో చెరిపేశాడు. వరద తీశాక మొదట తేలే నేల ఆ దిబ్బ... పోయినవాడు మళ్లీ మొలకెత్తే చోటు! మూర్ఖుడు దాన్ని చెరసాల అనుకున్నాడు.

కందకం నీళ్లు ఉవ్వెత్తున లేచాయి! దిబ్బ చీలింది... పాలు తాగిన మట్టిలోంచి వేల వేళ్లు బుసకొడుతూ వచ్చి ఎల్లస్వామిని చుట్టేశాయి!

"చెల్లే... ఏడుపాపు! నీ కాల్మొక్త...!"

పుర్రె పగిలింది. గొంతు దాకా, నోటి దాకా, నెత్తి దాకా... మట్టి అతణ్ణి మింగేసింది.

పిట్ట రెక్కలు విప్పి, తేటపడుతున్న సూర్యుడి వైపు ఎగిరింది.

"మన దిక్కు సూసిండా బిడ్డా?" చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది రాజవ్వ.

"లేదత్తమ్మా... తల్లిని గుర్తుపట్టే ఈడు గూడ రాలే వానికి."

అత్త ఒడిలో ముఖం దాచుకుని, ఇరవై రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది పోశవ్వ.